చింతపిక్కలతో వార్తలు కొలిచిన వైనం

"ఆడి పేరు సెప్పలేదు. సూసేవా నేస్తం? ఇయాల కూడా సెప్పలేదు!"

"సెప్పేడు. నివ్వు దగ్గుతన్నప్పుడు సెప్పేడు."

"నాను దగ్గితే ఎంతసేపు దగ్గుతాను? మనిషి పేరు మొత్తం మునిగిపోయినంత దగ్గా అది?"

"మరేటి! టీవీలో నీ సేనల్లో మావోడి పేరొస్తే నీకు దగ్గు రాదు. నా సేనల్లో మావోడి పేరొస్తే పొలమారిపోతాది. నీ గొంతుకి కూడా పార్టీ ఉంది."

"రిమోటు ఇలగియ్యి."

"ఇయ్యను. డిష్షు సగం నాది."

"అయితే నీ సగం కోసుకెళ్ళి దాన్లో అట్లు పోసుకో!"

అట్లు పోసుకోమన్నది నేను. రిమోటు ఇయ్యనన్నది నా నేస్తం. ఇద్దరమూ మనవలున్నవాళ్ళం, పళ్ళు సగం ఊడినవాళ్ళం. ఈ తగాదా ఎక్కడికి పోయి ఆగిందో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి. అప్పట్లో ఊరంతా నవ్వింది, మీకేం తక్కువ? నలభై ఏళ్ళ నేస్తరికానికి నేను నా నోటితో నిప్పు పెట్టిన ముచ్చట ఇది. మూడేళ్ళ కిందటి మాట. అప్పటికి నాకు అరవై మూడు. చిన్నతనంలో తెలియక చేశానని అందామంటే మా మనవరాలు లలిత ఒప్పుకోవడం లేదు.

నేస్తం అంటే ఏదో స్నేహితురాలనుకునేరు. అలా కాదు. మా తాతల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఒడిశా వచ్చి గుణుపురం చుట్టుపక్కల పొలాలు చేసుకున్నవాళ్ళు. వస్తూ వస్తూ నాగలితోపాటు తెచ్చుకున్న ఆచారం ఈ నేస్తం కట్టడం. ఇద్దరాడవాళ్ళు పసుపు, కుంకుమ, గాజులు, రవికెగుడ్డ ఇచ్చిపుచ్చుకుని, ఒకే ఆకులో అటుకులూ బెల్లమూ తిని, పదిమంది ముందు నేస్తం కట్టుకుంటారు. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు నోటితో పలకకూడదు. మొగుడి పేరైనా ఓటరు కాగితం రాసేవాడి ముందు చెప్పక తప్పదేమో గాని, నేస్తం పేరు చెప్పకూడదు. చెబితే కట్టిన ముడి విప్పినట్టే. అందుకే ఆవిడ పేరు ఇక్కడ కూడా రాయను. రాయకపోతే మీకు కథ అర్థం కాదనుకుంటే, కథే మానేస్తాను.

ఆ ఏడు మా నేస్తానికి కుడికంట్లో పొర వచ్చింది. ఎడమకన్ను అంతకు ముందే మసక. బియ్యంలో రాళ్ళు ఏరమంటే బియ్యం ఏరి పారేసేది. రాయగడ కంటి ఆసుపత్రిలో ఆపరేషనుకి రోజు ఇచ్చారు. కోతకి సూదికి భయపడే మనిషి కాదు గాని, కళ్ళకి కట్టు కట్టి కూర్చోబెడతారంటే మాత్రం వణికింది. వర్షాల్లో గోడ కూలి ఒక రాత్రంతా చీకట్లో మట్టి కింద ఉన్న మనిషి. "నేస్తం, కట్టు ఇప్పేదాకా నా సెయ్యి ఒగ్గకు. కొడుకొద్దు, కోడలొద్దు. నివ్వొస్తే ఎల్తాను, నేకపోతే ఈ గుడ్డి బతుకే బతుకుతాను" అంది. వస్తానని మాటిచ్చాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోయినట్టు మీరు మరిచిపోకండి.

ఇక టీవీ సంగతి. మా ఇల్లూ ఆవిడ ఇల్లూ ఒకే గోడ. రెండిళ్ళకి రెండు డిష్షులెందుకు, ఆకాశం ఒక్కటే కదా అని చెరిసగం వేసుకుని ఒక్కటే పెట్టించాం. టీవీ మా ఇంట్లో. చూసేటప్పుడు బల్బు ఆర్పేస్తాను. టీవీ వెలుతురిస్తుంటే ఇంకా బల్బెందుకు? వార్తలకి రెండే చానెళ్ళు, మా నోట్లో సేనలు, తీసుకున్నాం, రెండూ ఒడియావే. ఏడు గంటలకి నా చానెల్. ఏడున్నరకి ఆవిడ చానెల్. ఇలా "నా", "నీ" అని పంచుకోవడంలోనే సగం కొంప మునిగింది. నాన్న ఆస్తి కూడా ఇంత ఖచ్చితంగా పంచుకోలేదు నేను.

ఎందుకలా పంచుకున్నామో చెప్పాలి. నా చదువు మూడో తరగతితో ఆగింది. నాలుగో తరగతి బడి వాగు అవతల ఉంది, వాగు మీద వంతెన లేదు. నాకు యాభై ఏళ్ళు దాటాక ఒక పార్టీ ఆ వంతెన కట్టింది. నాలుగో తరగతి చదవడానికి ఆలస్యమైంది గాని, విశ్వాసం చూపించడానికి కాలేదు. అది నా పార్టీ. గోడ కూలిన మా నేస్తానికి ఇంకో పార్టీ పక్కా ఇల్లు మంజూరు చేసింది. అది ఆవిడ పార్టీ. వాటి అసలు పేర్లు, జెండాలు మాకు అక్కర్లేదు. వంతెన పార్టీ, ఇంటి పార్టీ. అంతే.

అప్పుడు వచ్చింది ఆ కొండ గొడవ. ఒక కొండని తవ్వుకోవడానికి ఏదో కంపెనీ కాగితం కావాలంది. కాగితం కదిలించడానికి భువనేశ్వర్‌లో ఒక మధ్యవర్తి బాబు ఉన్నాడట. అటు వంతెన పార్టీ పెద్దమనిషినీ ఇటు ఇంటి పార్టీ పెద్దమనిషినీ ఇద్దరినీ మచ్చిక చేసుకున్నానని ఆయన ఫోనులో గొప్పలు చెప్పుకున్నాడు. ఆ మాటలు బయటపడ్డాయి. టీవీవాళ్ళు వాటిని పొద్దున్న వేసి, మధ్యాహ్నం వేసి, సాయంత్రం వేడిచేసి మళ్ళీ వడ్డించారు. మాటిమాటికీ లాబీయింగ్, లాబీయింగ్ అంటున్నారు.

"లాబీయింగంటే ఏటే అమ్మీ?" అని లలితని అడిగాను. డిగ్రీ చదువుతోంది, తెలుస్తుందని.

"పైరవీ మామ్మా. పెద్దోళ్ళ పైరవీ."

"మరి మీ తాత బ్లాకాఫీసు గుమాస్తాకి పనసపండు ఇచ్చేడు గదా, అదేటి?"

"అది లంచం."

అంటే పండు పెద్దదయ్యేకొద్దీ పేరు మారుతుందన్నమాట.

నేను చూసినంతలో నా చానెల్ నిజాయితీ గలది. ఇద్దరి పేర్లూ చెప్పేది. ఆవిడ చానెల్ పచ్చి పక్షపాతి. వంతెన పార్టీ ఆయన పేరే పట్టుకుని వదిలేది కాదు, ఇంటి పార్టీ ఆయన పేరు వచ్చేసరికి నోట్లో అటుకులు పోసుకునేది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఆ చానెల్ పక్కింటివాడి భుజాలు తడిమేది. ఆ మాటే అన్నాను. మా నేస్తం ఒప్పుకోలేదు. నా చానెలే పక్షపాతి అంది. వారం రోజులు అదే తగాదా. అన్నం దగ్గర, నూతి దగ్గర, చివరికి దేవుడికి దీపం పెడుతూ కూడా.

నాకు రాని సంగతొకటి ఉంది. నాకొచ్చింది సంత ఒడియా. వంకాయలు బేరమాడమంటే గుణుపురం సంతలో నన్ను మించినదాన్ని చూపించండి. టీవీలో మాట్లాడేది బడి ఒడియా. అందులో నాకు నాలుగో వంతు తెలిస్తే గొప్ప. మా నేస్తానికి అదీ లేదు. అయితే పేరు ఏ భాషలోనైనా పేరే కదా! దాన్ని పట్టుకున్నాను.

"ఇలగ కాదు నేస్తం. కొలిసేద్దాం."

"ఏటి కొలుస్తావు, వార్తల్నా?"

"వార్తల్నే. కల్లంలో దానియం కొలిసినట్టు."

కళ్ళంలో కుంచంతో ధాన్యం కొలిచేటప్పుడు మా మామగారు కుంచానికో పిక్క పక్కన పెట్టించేవారు. పుస్తకమూ లేదు, పెన్సిలూ లేదు. బస్తాలు బండెక్కాక పిక్కలు లెక్కపెడితే గింజ తేడా వచ్చేది కాదు. బంధుగాం నుంచి మా చెల్లెలు పంపిన చింతపండు అప్పుడే పిక్క తీసి ఉంది. పిక్కలు పారేసే అలవాటు నాకు లేదు. నాలుగు సత్తుగిన్నెలు తీశాను. నా చానెల్‌కి రెండు, ఆవిడ చానెల్‌కి రెండు. ఒక్కో పెద్దమనిషికి ఒక్కో గిన్నె. పేరు పలికినప్పుడల్లా ఒక పిక్క.

మొదటి రోజు మొదటి పేరు వచ్చింది. మా నేస్తం పిక్క వేస్తూ "లాభం!" అంది. కళ్ళంలో మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. అలవాటు కొద్దీ అనేసింది. కొండని అమ్ముకున్న వార్తకి లాభమంటావేమిటని కసిరాను. తరవాత ఆలోచిస్తే, ఆ వార్త గురించి రెండు చానెళ్ళలోనూ అంత నిఖార్సయిన మాట ఇంకెవరూ అనలేదు.

రెండో రోజుకి చట్టాలు పుట్టాయి. పేరు చెప్పకుండా "మాజీ మంత్రి" అని ఊరుకుంటే సగం పిక్క. అందుకోసం కొన్ని పిక్కలు పొత్రంతో చితక్కొట్టాను. పేరు అక్షరాల్లో రాసి చూపిస్తే? అక్షరాలు ఇద్దరికీ రావు. మాకు చదవడం రాకపోతే అది వార్త కాదని తీర్మానించాం. ముఖం చుట్టూ ఎర్రగీత గీసి చూపిస్తే?

"ఒక పిక్క ఎయ్యాల" అన్నాను.

"నాకు కనబడని మొకానికి నాను పిక్క ఎయ్యను. రేపు కన్ను బాగయ్యేక ఎస్తాను. నీ బాకీ కాదు గదా!"

"కన్ను నేకపోతే నమ్మకం కూడా నేదా?"

"నమ్మకం ఉంటే పిక్కలెందుకు తీసేవు?"

చితికిన పిక్కొకటి తీసి ఆవిడ గిన్నెలో విసిరాను. అది ఎగిరి దేవుడి పటానికి తగిలింది.

ఏడు సాయంత్రాలు అలా కొలిచాం. బయట ముసురు. పొలంలో ఊడ్చిన చేను నీళ్ళలో కుళ్ళిపోతోంది. ఇంట్లో గోడలు చెమ్మ. పనికొచ్చే దిగులు బోలెడు ఉండగా, మేం చీకట్లో కూర్చుని ఎన్నడూ చూడని ఇద్దరు మగవాళ్ళ పేర్లకి పిక్కలు వేస్తున్నాం. ఏడో రోజు కొలిచి చూస్తే నా చానెల్ గిన్నెలు రెండూ సమానం. ఇటో సోలెడు, అటో సోలెడు. ఆవిడ చానెల్‌లో వంతెన పెద్దమనిషి గిన్నె పొంగి నేలమీద పడింది. ఇంటి పెద్దమనిషి గిన్నె అడుగున నాలుగు పిక్కలూ, ఒక చితికినదీ.

నా గర్వం ఏం చెప్పను! పెళ్ళినాడు కూడా అంత గర్వపడలేదు. ఇంట్లో గెలిచి ఊరుకుంటే సరిపోయేది. రచ్చ గెలవాలి కదా! మర్నాడు మధ్యాహ్నం మహిళా సంఘం సమావేశం ఉంది. నాలుగు గిన్నెలూ గంపలో పెట్టుకుని, పైన తడి గుడ్డ కప్పి, నైవేద్యం తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళాను. ఆ మర్నాడే ఆపరేషను. మా నేస్తం నా భుజం పట్టుకునే నడిచివచ్చింది. అంటే, ఏ మనిషి భుజం పట్టుకుందో ఆ మనిషి నెత్తిమీది గంపలోనే ఆవిడ ఓటమి ఉంది. అప్పుడది నాకు తమాషాగా తోచింది.

సంఘంలో ఇరవైమంది పైన ఉన్నారు. కార్యదర్శి రాజేశ్వరి అంగన్‌వాడీలో పాఠాలు చెబుతుంది. ఒడియా బడిలో చదివిన పిల్ల. సబ్బుల తయారీ గురించి ఆమె మొదలుపెట్టబోతుంటే గంప దించాను.

"ఆ సబ్బులొగ్గీ, రాజేశ్వరీ. ముందు దేశం సంగతి సూడండి" అని గిన్నెలు వరసగా పెట్టి, ఏ గిన్నె ఎవరిదో చెప్పి, "ఇదిగో రుజువు! నా సేనలు దరమం తప్పలేదు. ఇద్దరికీ సరిసమానం. మా నేస్తం సేనలు సూడండి, ఒకడి పేరు మింగేసింది!" అన్నాను.

చప్పట్లు కొడతారనుకున్నాను. రాజేశ్వరి ఒక పిక్క చేతిలోకి తీసుకుని చూసింది.

"పిన్నీ, పేరు సెప్పేక ఏటన్నారు?"

"ఏటన్నారో నాకెందుకు? పేరు సెప్పేరు."

"పేరు తరవాత మాట కూడా ఉంటాది గదా పిన్నీ."

"ఉంటే ఉంటాది. కుంచం కొలిసినప్పుడు గింజకి గింజకి మంచీ సెడ్డా అడుగుతామేటి?"

రాజేశ్వరి ఫోను తీసి నా చానెల్ వార్త పెట్టింది. ఒక్కో ముక్క ఆపి తెలుగులో చెప్పింది.

"మీ వంతెన నాయకుడి పేరు సెప్పి, ఆయనకీ ఈ యవ్వారానికీ సమ్మందం నేదంతన్నాది. మళ్ళీ ఆయన పేరు సెప్పి, నిందలకి ఆయన కన్నీరు ఎట్టుకున్నాడంతన్నాది. ఇదిగో మళ్ళీ పేరు. ఆయన గుడికెళ్ళేడంట. ఇదిగో ఇంకోపాలి. ఆయన తల్లి సుగుణాలంట."

"మరి రెండో ఆయన?"

"ఆయన పేరు సెప్పినప్పుడల్లా దొంగ, దోపిడీ, కొండని మింగేడు."

గదిలో గుసగుస మొదలైంది. పూలదండకో పిక్క, చెప్పుదెబ్బకో పిక్క వేసి, రెండూ సమానంగా ఉన్నాయి కాబట్టి ధర్మం నిలిచిందన్నాను నేను. ఏడు రోజులు. చీకట్లో కూర్చుని.

"నీ సేనలూ అంతే పెద్దమ్మా" అని రాజేశ్వరి మా నేస్తం వైపు తిరిగింది. "నీ సేనల్లో పూలదండలు కూడా నేవు. వంతెన నాయకుడికి సెప్పుదెబ్బలే. మీ ఇంటి నాయకుడు ఆ ఊళ్ళోనే నేడన్నట్టు సేనలోళ్ళు ఊరుకున్నారు. రెండు సేనలోళ్ళూ మీకు గంతలు కట్టి తిప్పేరు."

అప్పుడు పడ్డాయి నవ్వులు. సబ్బుల నురగలాగా ఒకదాని మీద ఒకటి. అందరికంటే గట్టిగా నవ్వింది మా నేస్తం. తనని చూసి తనే నవ్వుకోవడం ఆవిడకొచ్చు. నాకు రాదు. మూడో తరగతి దాకా ఆ పాఠం రాలేదు.

"ఓలమ్మో, నాకంటే కంట్లో పొర. దీనికి సెవిలో పొర!" అని కడుపు పట్టుకుంది. "నా నేస్తం సేతికిస్తే సింతపిక్కలతో రాజ్జెం ఏలేస్తాది. ఆపరేసను నాకు కాదర్రా, దీనికి సేయించండి!"

వాళ్ళు మళ్ళీ నవ్వారు. నాకు చెవుల్లోంచి పొగ వచ్చింది. ఆ నవ్వులో విషం లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నాకు తెలిసింది ఒక్కటే, ఎదుటివాళ్ళ పేరు గట్టిగా పలికితే వాళ్ళని రచ్చకీడ్చినట్టని. ఏడు రోజులు నేర్చుకున్న విద్య అదే కదా! లేచి నిలబడ్డాను. వేలు చూపించాను, టీవీలో వార్తలు అరిచే కళ్ళజోడు బాబులాగే. ఇంటిపేరుతో సహా, తండ్రి పేరుతో సహా, మా నేస్తం పేరు పెట్టి, "నన్నా నవ్వుతావు?" అని అరిచాను.

నవ్వు తెగిపోయింది.

నా చెవులకే ఆ పేరు కొత్తగా వినపడింది. నలభై ఏళ్ళుగా నా నోటికి ఆ పేరు తెలియదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నాది జారడం కూడా కాదు. ఇంటిపేరు, తండ్రిపేరు వరసగా చెప్పానంటే మెట్లు చూసుకుని దిగినట్టే.

మా నేస్తం చేత్తో నేల తడుముకుంటూ లేచింది. ఎవరో పట్టుకోబోతే వద్దంది. నా ముఖం కాదు, నా పక్కనున్న స్తంభం వైపు చూస్తూ మాట్లాడింది. పాపం, అదే నేననుకుంది.

"రేపు మీరు రాకండి. నాను కోడలితో ఎల్తాను."

మీరు. రాకండి. నలభై ఏళ్ళలో నన్ను ఒక్కసారి కూడా 'మీరు' అనలేదు. అంత మర్యాద పుచ్చుకుని గిన్నెలు గంపలోకి సర్దుకున్నాను.

గోడలు తడుముకుంటూ ఆవిడ ఇంటికి వెళ్ళిపోయింది. నేను గంప నెత్తిన పెట్టుకుని వెనకాల పాతిక అడుగుల దూరంలో నడిచాను. వానకి గిన్నెల్లో నీళ్ళు నిండి పిక్కలు తేలాయి.

ఇంటికొచ్చాక ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి తప్పయిందని అనొచ్చు. నాలుగు అడుగులు. వెళ్ళలేదు. ఏం చేశానో తెలుసా? పైరవీ చేశాను.

ముందు లలితకి సీసాడు నెయ్యిచ్చి పంపాను. తరవాత గోడ మీంచి ఆవిడ కోడలు పార్వతిని పిలిచి, మాగాయ జాడీ చేతిలో పెట్టి, మీ అత్తతో నాలుగు మంచి మాటలు చెప్పమ్మా అన్నాను. అది చాలదని రాజేశ్వరిని బతిమాలి, సంఘం తరఫున పెద్దరికం చేయమన్నాను. కొండ తవ్వే కంపెనీకి కూడా మధ్యవర్తి ఒక్కడే. నాకు ముగ్గురు. లాబీయింగ్ అంటే ఏమిటో ఆ సాయంత్రం నాకు బోధపడింది. సొంత ముఖంతో గుమ్మం తొక్కలేనివాడు చేసే పని అది.

ముగ్గురూ మూడు వార్తలు తెచ్చారు.

"మామ్మా, ఏడుస్తంది. నెయ్యి వొద్దంది" అంది లలిత.

"ఏడుపూ నేదు, ఏటీ నేదు అత్తమ్మా. గెంజి తాగి తొంగుంది. మాగాయ మాత్రం నానే ఉంచుకున్నాను" అంది పార్వతి.

"మాట్లాడింది పిన్నీ. సబ్బుల గురించే మాట్లాడింది" అంది రాజేశ్వరి.

ఒక్క గోడ అవతలి వార్త. మూడు చానెళ్ళు. ఎవరికి కావలసిన ముక్క వాళ్ళు తెచ్చారు. పిక్కలు తెచ్చి గిన్నెల్లో వేస్తే తేలే సంగతి కాదది.

"నివ్వెల్లు మామ్మా" అంది లలిత.

"తలుపేసుందే."

"కొట్టు."

"తీయకపోతే?"

"తీసేదాకా నిలబడు. ఆవిడ మట్టి కింద ఉన్నప్పుడు నివ్వే గదా గునపం పట్టుకున్నావు!"

అప్పుడు గునపం చేతికి బరువు కాలేదు. ఇప్పుడు తలుపు మీద వేలు పెట్టడానికి చెయ్యి రాలేదు. వెళ్ళలేదు.

ఏడు గంటలకి టీవీ పెట్టలేదు. చాలా ఏళ్ళ తరవాత ఆ వేళకి బల్బు వెలిగించి కూర్చున్నాను. పిక్కలన్నీ పొయ్యిలో పోసి, దేవుడి పటం ముందు దీపం పెట్టి, ప్రమాణం చేశాను. ఇకమీదట వార్తని కుంచంతో గాని, సోలతో గాని, తవ్వతో గాని కొలవను. ఏ పెద్దమనిషి పేరైనా ఎన్నిసార్లు పలికినా చింతపిక్క కాదు కదా, పచ్చిమిరప గింజ కూడా వెయ్యను. నా చానెల్, నీ చానెల్ అనను. ఒకవేళ అంటే నా పళ్ళలో మిగిలిన సగమూ రాలిపోవుగాక. దేవుడు విన్నాడో లేదో గాని, పొయ్యిలో పిక్కలు టపటప పేలాయి.

ఆ కొండ సంగతి ఏమైందని అడుగుతారేమో. కొండ ఉందో లేదో నేను వెళ్ళి చూడలేదు. ఆ పెద్దమనుషులిద్దరూ మాత్రం ఏడాది తిరక్కముందే ఒకే పార్టీలో చేరి, ఒకే దండలో ఇద్దరి మెడలూ పెట్టి ఫోటో దిగారు. ఆ రోజు రెండు చానెళ్ళూ రెండు పేర్లూ సరిసమానంగా చెప్పాయట. మా మనవరాలు చెప్పింది.

ప్రమాణం చేసిన మర్నాడు పొద్దున్న ఏం జరిగిందో ఎర్రగీతలూ బాకా మోతలూ లేకుండా ఉన్నదున్నట్టు చెబుతాను.

మొదటి బస్సుకి ఆవిడా, చంకలో పసిబిడ్డతో పార్వతీ ఎక్కి ముందు సీట్లో కూర్చున్నారు. నేను వెనక తలుపు నుంచి ఎక్కి వెనకాల కూర్చున్నాను. పార్వతి చూసింది. ఆవిడకి కనపడలేదు. నేను దగ్గాను. ఆవిడ మెడ కొంచెం కదిలింది, వెనక్కి తిరగలేదు. రాయగడ దాకా ముసురే. దారిలో పార్వతి ఇడ్లీ ఇస్తే ఆవిడ తినలేదు.

ఆసుపత్రిలో గాజుకిటికీ వెనకాల గుమాస్తా ఉన్నాడు. లోపల రోగి దగ్గర ఒక్కరే ఉండాలి, పసిబిడ్డల్ని రానివ్వరు అన్నాడు. పార్వతి బిడ్డని చూసుకుంది, నన్ను చూసింది. నేను వరసలో ఆవిడ వెనకాల నిలబడి ఉన్నాను.

"తోడుండే మనిషి పేరేమిటి?" అని గుమాస్తా ఒడియాలో అడిగాడు. ఆవిడ కిటికీ అంచు తడుముకుంది.

"పేరు చెప్పమ్మా, వెనకాల జనం ఉన్నారు."

"పేరు నాను సెప్పను" అంది ఆవిడ తెలుగులో.

"మనిషి లేదా?"

"ఉంది." వెనక్కి తిరగకుండానే చెయ్యి ఎత్తి భుజం మీంచి నా వైపు చూపించింది. "ఈవిడ. పేరు ఈవిణ్ణే అడగండి బాబూ. నేస్తం పేరు నాను సెప్పకూడదు."

గుమాస్తా నా వైపు చూశాడు. సన్యాసమ్మ అని నా పేరు నేనే చెప్పాను. రాసుకున్నాడు. ఇద్దరం లోపలికి వెళ్ళాం.